గీజరాంటీ భుజం

నోరు బాగా పనిచేసే వయసులో మనిషికి ఇంకో మనిషితో అవసరం పడుతుందని తోచదు. నాకైతే ఆ రోజుల్లో అసలే తోచలేదు. ఫిజియోథెరపీలో డిగ్రీ చేతికొచ్చాక ఆటోనగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో చేరి, మెకానిక్కుల నడుములూ మెడలూ సరిచేస్తూ, భవానీపురంలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. పెడనలో మాది నేత చీరల కొట్టు. పీజీకి అప్లై చేస్తానంటే మా నాన్న, "నొక్కడం నేర్చేసుకున్నావు కదమ్మా, నొక్కడానికి ఇంకేం మిగిలింది?" అన్నాడు. ఆ ఒక్క మాట మీద, కంచంలో కలిపిన పప్పన్నం చేతికి ఎండిపోయేదాకా వాదించాను. చివరికి, "నా సీటు నేనే తెచ్చుకుంటా. మీ ఎవ్వరి సాయం నాకు అక్కర్లేదు. రాలేదా, నేనే వచ్చి కొట్లో కూర్చుని జీవితాంతం చీరలు మడతపెడతా" అని చెప్పేసి బస్సెక్కాను. (ఆ బస్సులో కండక్టరుతో కూడా వాదించాను. అది వేరే సంగతి, తప్పు ఆయనదే.)

రాతపరీక్ష గట్టెక్కాను. ప్రాక్టికల్‌కి రమ్మని కాలేజీ వాళ్ళు కబురు పంపుతూ, మోడల్‌ని ఎవరికి వాళ్ళే వెంట తెచ్చుకోవాలన్నారు. మా చదువులో మోడల్ అంటే పెద్ద హంగేం లేదు. బల్ల మీద పడుకోవడానికి ఒక మనిషి. ఆ మనిషి చెయ్యి ఎంత లేస్తోందో, కాలు ఎంత వంగుతోందో కొలిచి, కీళ్ళు కదిలించి పరీక్ష పెట్టేవాళ్ళకి చూపించాలి. డిగ్రీలో ఉన్నన్నాళ్ళూ ఇదొక సమస్యే కాదు. ఒకరి మోకాళ్ళు ఒకళ్ళం ఎరువు తెచ్చుకుని నాలుగేళ్ళూ గడిపేశాం. ఇప్పుడు ఆ మోకాళ్ళన్నీ తలో ఊరికి వెళ్ళిపోయాయి. విజయవాడంత ఊళ్ళో, ఒక్క పూట నాకోసం వచ్చి ఊరికే పడుకునే మనిషి ఒక్కరు కావాలి. అంతే. ఆ ఒక్కరు ఎవరా అని ఆలోచిస్తే ఎవరూ తట్టలేదు. అప్పుడు మొదటిసారి నా నోటిని నేను కాస్త అనుమానంగా చూసుకున్నాను.

ఇంట్లో వాళ్ళని అడిగే ముఖం లేదు, సాయం అక్కర్లేదని ప్రకటించి వచ్చాను కదా. గదిలో ఉండే పిల్లతో ఫ్యాను దగ్గర మాటలు ఆగిపోయాయి. నాకు ఫ్యాను తిరగాలి, ఆ పిల్లకి ఆగాలి. ఇద్దరం పంతానికి పోయి, మధ్యలో ఫ్యానే పాడైపోయింది. క్లినిక్‌లో మెడనొప్పికి వచ్చే లారీ మెకానిక్ ఒకాయన నేనంటే కొంచెం గౌరవంగా ఉండేవాడు. సిగ్గు విడిచి అడిగాను. "మీరెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను మేడమ్. కానీ చొక్కా తీసేసి నలుగురు మేడమ్‌ల ముందు పడుకున్నానని తెలిస్తే, మా ఇంట్లో ఆవిడ నాకు మెడే లేకుండా చేసుద్దండీ" అన్నాడు.

ఇక సాధన దిండు మీద. దాని పై మూల భుజం, కింది మూల మోచెయ్యి. "నొప్పిగా ఉందా అండీ?" అని దిండుని మర్యాదగా అడిగేదాన్ని. ఆదివారాలు హాస్టల్ పిల్లలంతా ఊళ్ళకి పోయేవాళ్ళు. వరండాలో తీగమీద బట్టలు కూడా ఉండేవి కావు. ఆ నిశ్శబ్దంలో దిండుతో మాట్లాడుతున్న నా గొంతు నాకే వినపడి, ఒక్కోసారి మధ్యలో ఆపేసేదాన్ని. దిండులో ఉన్న సుగుణం అది ఎదురు చెప్పదు. అదే దాంతో వచ్చిన చిక్కు కూడా.

అలాంటి ఒక ఆదివారం గుమ్మంలో గీజరాంటీ నిలబడింది. ఆవిడ మా హాస్టల్ యజమానురాలు. భర్త పోయాక పైఅంతస్తు మాకు అద్దెకిచ్చి కింద ఒంటరిగా ఉండేది. పొద్దున్నే గీజరు స్విచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, మనిషికి ఇన్ని నిమిషాలని లెక్కగా వేడినీళ్ళు వదిలేది కాబట్టి ఆ పేరు. ఆ హాస్టల్లో నాతో సరిసమానంగా వాదించగలిగింది ఆవిడొక్కతే.

"ఎవరితోనే మాటలు? గదిలో ఎవర్నయినా తెచ్చిపెట్టావా?"

"దిండుతోనండీ."

"దిండుతోనా? ఏమంటోంది?"

"దానికి భుజం పట్టేసిందండీ."

ఆవిడ నవ్వలేదు. లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. "నాకూ పట్టేసింది. జడ వేసుకుందామంటే చెయ్యి చెవి దాకా కూడా లేవట్లేదు. మీ చదువు దిండ్లకేనా, మనుషులకి కూడా పనికొస్తుందా?"

అలా మొదలైంది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక ఆవిడ భుజం నాకు, ఇంకొంచెం వేడినీళ్ళు నాకు (ఆవిడకేం మిగిలిందని అడక్కండి, నా వాదన అలాంటిది). చెయ్యి ఎంత లేస్తోందో సరిగ్గా కొలవాలంటే భుజం మీదా మోచేతి మీదా ఎముక తగిలే చోట గుర్తులు పెట్టుకోవాలి. నేను స్కెచ్ పెన్ను తీశాను. ఆవిడ చెయ్యి లాగేసుకుంది.

"శుక్రవారం పూట ఒంటిమీద నల్లమచ్చలేంటే? శనిలా!"

"మరి గుర్తెలా పెట్టమంటారు?"

ఆవిడ కిందికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. నిండా స్టిక్కర్ బొట్టు ప్యాకెట్లు. ఎర్రవి, మెరూన్‌వి, చుట్టూ రాళ్ళు పొదిగినవి. "ఆయన ఉన్నప్పుడు కొన్నవి. పెట్టుకోవడం మానేశాను. పారెయ్యబుద్ధి కాలేదు" అని, మళ్ళీ వెంటనే, "రాళ్ళవి వాడకు, గుచ్చుకుంటాయి" అంది. మోచేతికి మెరూన్, భుజానికి ఎరుపు. మా పుస్తకాల్లో ఎక్కడా లేదు గానీ, స్కెచ్ పెన్ను కన్నా అవే నయం. చెమటకి చెరగవు, తీసి మళ్ళీ అంటించుకోవచ్చు.

ప్రాక్టికల్ దగ్గర పడింది. మోడల్‌గా రమ్మని ఆవిణ్ణి అడగాలి. ఇన్నాళ్ళూ వాదించడమే కానీ అడగడం నేర్చుకోలేదు. చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండగానే గబగబా అనేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నేనా? మోడలా? ఈ వయసులోనా?"

"పడుకుంటే చాలండీ."

"పడుకోవడానికి నాకు నిద్రెక్కడ పడుతుందే? ఆయన పోయిన దగ్గర్నుంచి కన్ను మూతపడితే ఒట్టు."

"నిద్రపోనక్కర్లేదు ఆంటీ, ఊరికే పడుకోవాలి."

"అయితే పట్టుచీర కట్టుకోనా, నూలుదా?"

నూలుదే కట్టుకుంది. హాస్టల్లో చేరిన కొత్తలో మా కొట్లోంచి నేను తెచ్చి ఇచ్చినదే. పరీక్ష హాలు బయట మిగతా వాళ్ళంతా స్నేహితుల్నీ, చెల్లెళ్ళనీ, ఒకమ్మాయి అయితే చేసుకోబోయేవాణ్ణీ వెంటపెట్టుకుని నవ్వుతూ కూర్చున్నారు. నా పక్కన గీజరాంటీ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడ కరెంటు ఎంత వేస్టు చేస్తున్నారో చూడు, పగలు కూడా లైట్లే" అంటోంది. నాకు చేతులు చల్లబడ్డాయి. చీరల మడతలు కళ్ళ ముందు కదిలాయి.

లోపల ఒక పొడుగాటి మేడమ్. మాట పొదుపు, చూపు పదును. భుజం పరీక్షించి చూపించమంది. ఆంటీని పడుకోబెట్టాను. బొట్లు అంటించాను. మేడమ్ కనుబొమ్మలు లేచాయి కానీ ఏమీ అనలేదు. కొలిచాను, చెప్పాను. తర్వాత చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా లాగుతూ వదులుతూ కీలు కదిలించడం మొదలుపెట్టాను. మేడమ్ ఏదో ప్రశ్న అడిగింది. జవాబిచ్చాను. "తప్పు" అంది. తప్పు కాదు! నాకు తెలుసు, తప్పు కాదు. ఒంట్లో ఉన్న వాదనంతా గొంతులోకి వచ్చింది, నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే బల్ల మీంచి గురక వినపడింది.

గీజరాంటీ నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, కన్ను మూతపడితే ఒట్టు అన్న మనిషి, హాయిగా.

లేపబోయాను. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టి, గుసగుసగా, "లేపకు. మెల్లగా చెప్పు" అంది. మెల్లగా! పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను గుసగుసగా వాదించింది అదొక్కసారే. గుసగుసలో నా మాటలు నాకే వినయంగా వినపడ్డాయి. నా జవాబు ఎందుకు తప్పు కాదో ఆంటీ నిద్ర చెదరకుండా చెప్పుకుంటూ పోయాను. మేడమ్ వంగి మరీ విన్నది. చివర్లో, "సరే, ఒప్పుకుంటున్నా" అని గుసగుసలాడి, "పొద్దుట్నుంచీ అందరి మోడల్సూ నొప్పి నటించారు. నొప్పి ఉన్న చెయ్యి ఇంకొకళ్ళ చేతిలో పెట్టి నిద్రపోవడం ఎవరూ నటించలేరు" అంది.

సీటు వచ్చింది. పరీక్ష రోజు తిరుగు ప్రయాణంలో మాత్రం, బస్సు కిటికీ పక్కన కూర్చుని, మోచేతి మీద మెరూన్ బొట్టు అలాగే ఉండగా గీజరాంటీ నాతో గట్టి యుద్ధమే చేసింది.

"నేనెక్కడ నిద్రపోయాను? కళ్ళు మూసుకున్నానంతే. అన్నీ విన్నాను."

"గురక పెట్టారండీ."

"అది ఊపిరి!" అని కిటికీ వైపు తిరిగింది. "ఒకళ్ళు నా చెయ్యి అంతసేపు పట్టుకుని ఎన్నాళ్ళయిందో" అంది. నేనేదో అనబోయే లోపు, "రేపట్నుంచి మాత్రం వేడినీళ్ళు అందరితో పాటే" అని ముగించింది. వాదించలేదు నేను. వాదించకుండా ఊరుకుంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. బాగానే ఉంది.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో ఆ పొడుగాటి మేడమ్ కుర్చీలో కూర్చుంటున్నాను. గీజరాంటీ లేదు, హాస్టలూ లేదు. భవానీపురంలోనే ఒక ఫ్లాటులో నేనూ, నా నోరూ ఉంటున్నాం. ఆ నోటికి పని చెప్పేవాళ్ళు ఈమధ్య తగ్గారు. మొన్న ప్రాక్టికల్స్‌కి ఒక పిల్ల ఒక్కతే వచ్చింది. మోడల్ ఏదమ్మా అంటే, "ఎవరూ దొరకలేదు మేడమ్" అని గడ్డం పైకెత్తి, ఏమంటారో అనండి అన్నట్టు నిలబడింది. ఆ గడ్డం నాకు బాగా తెలుసు. పక్కనున్న ప్రొఫెసర్ గారిని మార్కులు వెయ్యమని, కళ్ళజోడు తీసి ఆయన చేతికిచ్చి, నేనే ఎక్కి బల్ల మీద పడుకున్నాను. బ్యాగులో ఎప్పుడూ ఉండే స్టిక్కర్ బొట్ల ప్యాకెట్టు ఆ పిల్లకిచ్చాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి, పట్టు మాత్రం మెత్తగా ఉంది.

తర్వాత సంగతి మా డిపార్ట్‌మెంటులో అందరూ ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. గదంతా గుసగుసల్లోకి దిగిపోయిందట, ప్రొఫెసర్ గారు మునివేళ్ళ మీద నడిచారట. నేను ఒప్పుకోను. కళ్ళు మూసుకున్నానంతే. అన్నీ విన్నాను.