ప్రభ దగ్గరే ఉండు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసి, దసరా సెలవుల్లో మనవరాలిని హైదరాబాదు దగ్గరున్న ఆ పెద్ద పార్కుకి తీసుకెళుతున్నామనీ, నన్ను కూడా రమ్మనీ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా పిల్ల చేతికి కట్టబోయే పట్టీ ఒకదాని ఫోటో పంపింది. అది కడితే పిల్ల ఏ మూలనున్నా తల్లి ఫోన్‌లో చుక్కలా కనపడుతుందట. ఆ ఫోటో చూస్తూ నేను అలవాటు కొద్దీ, మీ నాయనమ్మ ఉంటే ఈ పట్టీ ఎందుకనేది, తిరునాళ్లలోలా ఊరి ప్రభ దగ్గర నిలబడమనేది, ఆ మాట నమ్మే కదా అప్పుడు నువ్వు తప్పిపోయావు అన్నాను. ఈ కథ నేను పాతికేళ్లుగా చెబుతున్నదే, చుట్టపక్కాలందరికీ కంఠతా వచ్చినదే. అవతల మా అమ్మాయి చాలా నెమ్మదిగా, ఆ మాట చెప్పింది నాయనమ్మ కాదమ్మా, నువ్వు అంది.

ఐదేళ్ల పిల్లవి నీకేం గుర్తుంటుందే అని ఫోన్ పెట్టేశాను గానీ, అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. గుంటూరులో బి.ఎ. చదివి, వక్తృత్వ పోటీల్లో కప్పులు తెచ్చుకుని, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే జవాబు చెప్పగలదాన్నని పేరున్న నాకు, ఈ ఒక్కదానికి జవాబు దొరకడం లేదు. నాకు గుర్తున్నది గుర్తున్నట్టు చెబుతాను, నా ఈడు వాళ్లు మీరే తేల్చండి.

అప్పట్లో మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. కాయ దిగే రోజుల్లో ఆయనకి ఇంటి దారే గుర్తుండేది కాదు, చొక్కా విప్పితే ఇల్లంతా తుమ్ములు. అందుకని పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే యార్డు పలచబడ్డాక దసరా సెలవులే మాకు దిక్కు. ఆ ఏడు హైదరాబాదు దగ్గరి ఆ పార్కుకే మా ఆయనా, నేనూ, ఎనిమిదేళ్ల మా అబ్బాయీ, ఐదేళ్ల అమ్మాయీ బయల్దేరుతుంటే, అద్దంకి పక్క పల్లెటూరి నుంచి మా అత్తగారు కూడా పులిహోర గిన్నెతో సహా వచ్చి కలిశారు. ఆవిడని ఎవరు పిలిచారో నాకిప్పటికీ తెలియదు. పిలిచింది నేను కాదని మాత్రం ఖాయంగా చెప్పగలను. అలా అనడానికీ ఇప్పుడు కొంచెం భయంగానే ఉంది.

దారి పొడుగునా ఆవిడ పిల్లలకి తిరునాళ్ల కబుర్లు చెబుతూనే ఉన్నారు. మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, తిరునాళ్లకి ప్రతి ఊరి వాళ్లూ వెదురుబొంగులతో రెండు మూడు మేడలంత ఎత్తు ప్రభ కట్టి, రంగు బట్టలూ బల్బులూ చుట్టి, డప్పులతో నడిపించుకుంటూ తీసుకెళతారు. జనంలో పిల్లలు తప్పిపోవడం మామూలే కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఒకటే కట్టుబాటు ఉండేది: తప్పిపోతే ఏడవద్దు, వెతుక్కుంటూ తిరగొద్దు, మన ఊరి ప్రభ పట్టుకుని నిలబడు, అది నడిస్తే నువ్వూ నడువు, అది ఆగిన చోట ఆగు, మనవాళ్లెవరో ఒకరు అక్కడికే వస్తారు. అలా పెరిగినవాళ్లమే మేమందరం. మా పిల్లలూ అంతకుముందు వేసవి తిరునాళ్లలో ఆ పాఠం నేర్చుకున్నవాళ్లే.

పార్కు గేటు దగ్గరే మా గందరగోళం మొదలైంది. బయటి తిండి లోపలికి తీసుకెళ్లకూడదన్నారు. ఇంట్లో చేసింది బయటి తిండి ఎలా అవుతుందని నేను పావుగంట వాదించి, గెలవక, చివరికి అందరం గేటు బయట చప్టా మీద కూర్చుని పొద్దున తొమ్మిదిన్నరకే పులిహోర తినేశాం. లోపలికి వెళ్లాక ఒక పటం ఇచ్చారు. దాన్ని ఎటు తిప్పి పట్టుకున్నా మేము నిలబడ్డ చోటు అందులో లేదు. పార్కు నడిమధ్యలో పెద్ద చక్రం ఒకటి అన్నివైపుల నుంచీ కనపడుతుంది కానీ దాని దగ్గరికి వెళ్లాలని ఏ బాట పట్టినా ఐస్‌క్రీం కొట్టు దగ్గరికే చేరుతాం. మా ఆయన ఎడమకంటే నేను కుడి అన్నాను. నేను కుడి అన్న చోట గోడ వచ్చింది. ఆ గోడ ముందు నిలబడి కూడా నాదే సరైన దారని వాదించిన గుర్తు.

మధ్యాహ్నం నీళ్ల ఆటల్లో పిల్లలు తడిసి ముద్దయ్యారు. సాయంత్రం దీపాలు వెలిగేవేళ, పెద్ద చక్రం ఎక్కాలని వరుసలో నిలబడి ఉంటే, బ్యాండు వాయించుకుంటూ ఊరేగింపు ఒకటి మా పక్కనుంచే వెళ్లింది. బండి మీద మూడు నిలువుల ఎత్తు కోట, దానికి ఆ చివర నుంచి ఈ చివర దాకా బల్బులు. జనం ఒక్కసారి తోసుకున్నారు. మళ్లీ సర్దుకుని చూసుకుంటే నా చేతిలో అబ్బాయి చెయ్యి ఉంది, అమ్మాయి లేదు.

ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. మైకులో చెప్పించడానికి ఆఫీసు గదికి పరుగెత్తితే గౌను రంగేమిటని అడిగారు. నేను పసుపన్నాను, మా ఆయన ఆకుపచ్చన్నారు, అక్కడే ఇద్దరం పోట్లాడుకున్నాం. తడిసిన పసుపు గౌను విప్పేసి అత్తగారు ఎర్ర గౌను తొడిగారని మా ఇద్దరికీ తెలియదు. ఆ మైకు మూడు భాషల్లో పసుపు గౌను పిల్ల కోసం అరుస్తూనే ఉంది. యార్డులో వేల బస్తాల మధ్య తమ బస్తా ఏదో దూరం నుంచే చెప్పగల మా ఆయన, కన్నకూతురు ఎటు వెళ్లిందో తెలియక ఐస్‌క్రీం కొట్టు చుట్టూ తిరుగుతున్నారు.

చక్రం కింద గట్టు మీద మా అత్తగారు సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పిల్లకేం చెప్పారు అత్తయ్యా అని అడిగాను. తప్పిపోతే ప్రభ దగ్గర ఉండమన్నారమ్మా అని మా అబ్బాయి అందించాడు. అన్నారు అన్నాడే గానీ ఎవరన్నారో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతే, పూనకం వచ్చినట్టయింది నాకు. మీ తిరునాళ్ల బుద్ధులు ఇక్కడిదాకా మోసుకొచ్చారా, ఇక్కడ ఏ ప్రభ ఉందని చెప్పారు, నా బిడ్డకేమన్నా అయితే మీ మొహం చూడను అని, అన్ని వందల మంది వింటుండగా అనేశాను. చుట్టూ జనం ఆటలు మానేసి మమ్మల్ని చూడసాగారు.

ఆవిడ తల ఎత్తి, "ముందు పిల్లని వెతుకుదాం అమ్మాయ్, తర్వాత తిట్టుదువుగాని," అన్నారు. లేచి, పక్కనున్న సెక్యూరిటీ అతన్ని, "ఏమయ్యా, ఇందాక దీపాలతో వెళ్లిందే, అది ఎక్కడికి పోయి ఆగుతుంది?" అని అడిగారు.

అతను దారి తీస్తే వెనకాల మేము వెళ్లాం. పెద్ద చక్రానికి చాలా దూరంగా, రేకుల షెడ్డులో ఆ కోట బండి నిలిపి ఉంది. బల్బులు ఆర్పేశారు. ఎర్ర గౌనుతో మా అమ్మాయి ఆ బండి అంచు రెండు చేతులతో పట్టుకుని, ఏడవకుండా, మెడ నిటారుగా పెట్టి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "ప్రభ ఆగి ఎంతసేపయింది, మీరెవరూ రాలేదేం?" అని కోప్పడింది. చక్రం ఉన్నచోటే తిరుగుతుందనీ, నడిచేది ప్రభ కాబట్టి దాని వెంట వెళ్లాననీ దాని లెక్క. పిల్ల పారిపోలేదు, తప్పిపోయినట్టు కూడా దానికి తెలియదు. నేర్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

దొరికిన సంతోషంలో నేను అత్తగారితో ఏమన్నానో గుర్తు లేదు. ఏమీ అనలేదనే నా అనుమానం. తిరుగు బస్సులో ఆవిడ పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. ఆ కథ నేను ఆవిడ ఎదురుగానే ఎన్నోసార్లు చెప్పాను, అందరం నవ్వాం, ఆవిడా నవ్వారు.

నిన్న ఉండబట్టలేక నేనే అమ్మాయికి ఫోన్ చేసి, సాక్ష్యం ఏమిటో చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పింది. గేటు దాటగానే దాని చెప్పు పట్టీ తెగిందట. నేను వంగి, నా గాజులకున్న పిన్నీసు తీసి పెట్టి, పనిలో పనిగా గడ్డం పట్టుకుని, తప్పిపోతే ఏడవకు, ప్రభ దగ్గరే ఉండు అన్నానట. అప్పటికి నాయనమ్మ ఇంకా గేటు బయటే పులిహోర గిన్నె కడుక్కుంటున్నారట.

పిన్నీసు నాకు గుర్తుంది. సాయంత్రం షెడ్డులో పిల్లని ఎత్తుకుంటే అది నా నడుముకి గుచ్చుకుంది. గుచ్చుకున్నది గుర్తుండి, పెట్టింది గుర్తు లేకపోవడం ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. పెట్టింది నేనైతే ఆ మాటా నాదే కావచ్చు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట కదా, నోట్లోంచి ఎప్పుడు జారిందో చెవికి కూడా తెలిసి ఉండదు. మరి ఆవిడ, అది నా మాట కాదని ఎందుకనలేదు? నిజం తెలిసి నా పరువు కాపాడారా, లేక అంత గట్టిగా అరుస్తున్న మనిషి చెప్పేది నిజమేనేమోనని ఆవిడే అయోమయంలో పడ్డారా? ఇంత వాదించే నేను, అడగాల్సిన ఆ ఒక్క మాటా ఆవిడ ఉండగా అడగలేదు.

ఇప్పుడు పిల్లల చేతులకి పట్టీలున్నాయి. తప్పిపోయినవాళ్లు ఎక్కడ నిలబడాలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు, వెతకడానికి ముసలమ్మల బుర్రలతో పని లేదు. మంచిదే, నేను కాదనను. అయినా వచ్చే వారం గేటు దాటాక, మా అమ్మాయి ఆ పట్టీ బిగించడం అయ్యాక, మనవరాలి గడ్డం పట్టుకుని దీపాలతో నడిచేది ఏదైనా కనపడితే దాని దగ్గరే ఉండమని చెప్పబోతున్నాను. తర్వాత ఎవరి మీదా పెట్టకుండా ముందే రాసి ఉంచుతున్నాను: ఈసారి ఆ మాట చెప్పింది నేనే.