లేని సందులో తీసిన ఫొటో

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం లేదు, నమ్మకం అసలే లేదు. మా నెల్లూరులో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు రాత్రి ఏం తిన్నారో అడిగే రకాన్ని నేను. చేసే ఉద్యోగం కూడా అలాంటిదే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు కంటబడితే అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చేదాకా నాకు తోచదు. ఈ ఒక్కటి మాత్రం తేల్చలేకపోయాను.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. సింగపూర్‌లో, పాయా లేబర్ అనే పేటలో మాదో చిన్న కంపెనీ. ఊళ్ళను పరిచయం చేసే సీడీలు తయారుచేసేవాళ్ళం. కంప్యూటర్‌లో పెడితే ఊరి పటం వస్తుంది, ఏ వీధి మీద నొక్కితే ఆ వీధి విశేషాలు వస్తాయి. ఒక ట్రావెల్ సంస్థ జర్మనీలోని డ్యూస్‌బర్గ్ అనే ఊరి సీడీ చేసిపెట్టమంది. ఆ పనంతా షాహీన్ ఒక్కతే చేసింది.

షాహీన్‌ది గోదావరిఖని. వాళ్ళ నాన్న బొగ్గుగనిలో పనిచేసేవారు. మేమిద్దరం యూ టీ అనే ఇంకో పేటలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నన్ను అక్కా అని పిలిచేది.

నేను డ్యూస్‌బర్గ్ ఎప్పుడూ చూడలేదు, అయినా చూసినట్టే ఉంటుంది. రూర్ నది వచ్చి రైన్ నదిలో కలిసే చోట ఉందా ఊరు. సముద్రం ఎక్కడో దూరాన ఉన్నా, నది మీదే పెద్ద రేవు. బొగ్గూ ఉక్కూ కలిసి పెంచిన ఊరు. యుద్ధంలో బాంబులు పడి చాలామటుకు నేలమట్టమైతే మళ్ళీ కట్టుకున్నారు. మూతబడిన ఇనుము కార్ఖానాను కూల్చకుండా పార్కు చేశారు. జనం పాత కొలిమి పైకి మెట్లెక్కి ఊరు చూస్తారట. పూర్వకాలపు పటాల పండితుడొకాయన అక్కడే బతికి అక్కడే పోయాడు, పెద్ద చర్చిలో ఆయన పేరుతో ఫలకం ఉంది. ఇదంతా షాహీన్ పుణ్యమే. అన్నం కలుపుకుంటూ కూడా అవే కబుర్లు.

"మా ఖని లెక్కనే ఉంటదక్కా. బొగ్గున్న ఊర్లన్నీ చుట్టాలే," అనేది.

సీడీ చివర్లో తయారుచేసినవాళ్ళ పేరు వేస్తారు. అక్కడ తన పేరు చూసుకోవాలనీ, ఆ సీడీ వాళ్ళ నాన్నకు పంపాలనీ దాని ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

పటాలు గీసేవాళ్ళకు ఒక అలవాటుందట. ఊళ్ళో లేని సందొకటి కావాలనే గీస్తారు. అది ఇంకొకరి పటంలో కనిపిస్తే దొంగ దొరికినట్టే. షాహీన్ కూడా సరదాపడి చర్చికీ రేవుకీ మధ్య అలాంటి సందొకటి పెట్టింది. గని కార్మికుల పాత సందు, రెండు పక్కలా ఎర్ర ఇటుక గోడలు, చివర ఆకుపచ్చ తలుపు అని రెండు ముక్కలు రాసింది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మా మేనేజర్ ప్రసాద్ గారు. గారు అనడం అలవాటు కొద్దీ, గౌరవంతో కాదు. పని పూర్తికాగానే ఆయన షాహీన్ పేరు తీసేసి తన పేరు వేసుకున్నారు. సీడీ అప్పగించడానికి జర్మనీ ప్రయాణం కూడా ఆయనకే. షాహీన్ అందరి ముందూ అడిగేసింది. కొద్ది రోజులకే, సింగపూర్‌లో ఉద్యోగానికి ఉండాల్సిన దాని వర్క్ పాస్ పొడిగించడం లేదన్నారు. సామాను సర్దుకుంటుంటే డెంగీ జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో మగతలో కూడా "నా పేరు తీసిండక్కా" అంటూనే ఉంది. అంటూనే పోయింది.

జ్వరం ఆయన తెప్పించలేదని నాకూ తెలుసు. అయినా ఆయన్ను చూస్తే నా కడుపు మండిపోయేది. కనీసం ఇప్పుడైనా దాని పేరు వేయమని అడిగాను. చూద్దాం అన్నారు. సరే, చూసుకో అనుకున్నాను. సందు సంగతి చెప్పలేదు. అక్కడి పెద్దమనుషుల ముందు, లేని సందును కళ్ళతో చూసినట్టు వర్ణించి నవ్వులపాలు కావాలనీ, దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తిరిగిరావాలనీ కోరుకున్నాను. మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

తిరిగొచ్చాక ఆయన చాక్లెట్లు పంచి, కడిగించిన ఫొటోలు మా బల్ల మీద పరిచారు. మధ్యాహ్నం, భోజనాల వేళ. రేవులో క్రేన్లు, కార్ఖానా పార్కు, పెద్ద చర్చి. ఆ తర్వాతి ఫొటోలో ఒక సందు. ఎర్ర ఇటుక గోడలు, చివర రెండు రెక్కల ఆకుపచ్చ తలుపు, గడప పక్కన పొగ లేస్తున్న బొగ్గుల పొయ్యి.

పొయ్యి గురించి షాహీన్ ఎక్కడా రాయలేదు. తలుపు ఎడమ రెక్క కింద రేకు ముక్క మేకులతో కొట్టి ఉంది, దాని గురించీ రాయలేదు. కానీ ఆ రేకు నాకు తెలుసు. గోదావరిఖనిలో వాళ్ళింటి ఫొటో మా గదిలో దాని మంచం పక్కనే ఉండేది. అదే తలుపు, అదే రేకు. ఆ ఫొటో అప్పటికే దాని సామానుతో పాటు వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

నా కళ్ళు నన్ను మోసం చేశాయేమోనని మా ఆఫీసులోని చైనీస్ ఆంటీకి చూపించాను. "నైస్ డోర్ లా!" అందావిడ, సింగపూర్ యాసలో. నెగటివ్ అడిగి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాను. చర్చికీ, ఆ తర్వాత తీసిన ట్రాముకూ మధ్యన, అదే రీలులో ఉందా సందు.

ప్రసాద్ గారిలో తేడా ఆ వారంలోనే మొదలైంది. స్టేషన్ నుంచి ఆఫీసుకు తిన్నగా ఒకటే రోడ్డు. ఆయన దారి తప్పి, చెమటలు కక్కుతూ ఆలస్యంగా వచ్చేవారు. తర్వాత ఆఫీసులోనే బాత్‌రూమ్‌కి వెళ్ళి తన గదికి తిరిగి రాలేకపోయేవారు. ఎటు తిరిగినా ఇటుక గోడలే వస్తున్నాయని అనేవారట.

ఒకరోజు నన్ను కింద కాఫీ షాపుకు పిలిచారు. చేతిలో ఆ ఫొటో ఉంది. పట్టపగలే ఆ సందులోకి వెళ్ళారట, వెనక్కి ఎంత నడిచినా సందు మొదలు రాలేదట. చివరికి ఎలాగో ట్రాము స్టాపు దగ్గర తేలారు గానీ, బయటికి వచ్చినట్టు ఆయనకే నమ్మకం లేదు.

"అమ్మా, ఆ పిల్ల నీకేమైనా చెప్పిందా? ఇందులోంచి ఎలా బయటపడాలి?"

ఫొటోను నా వైపు తోసి, తను తల పక్కకు తిప్పుకున్నారు. ఒక్క క్షణం నా మనసు కరిగింది. "ముందు దాని పేరు వేయండి సార్," అన్నాను.

"సీడీలన్నీ వెళ్ళిపోయాయి కదమ్మా. అయినా ఆ పిల్ల చేసిందేముంది? అక్కడా ఇక్కడా చూసి టైపు చేసింది."

కరిగిన మనసు మళ్ళీ బిగుసుకుంది. టీ తాగి లేచి వచ్చేశాను.

తర్వాత ఆయన ఉద్యోగం మానేశారు. ఇప్పటికీ భార్య చెయ్యి పట్టుకోనిదే లిఫ్టు దాకా కూడా వెళ్ళలేరని విన్నాను. లోపలి భయమే ఆయన్ను తిప్పుతోందని ఒకరన్నారు. ఫొటోల షాపులో ఏదో కలిసిపోయిందని ఇంకొకరన్నారు. నెగటివ్ సంగతి చెబితే ఇద్దరూ మాట మార్చారు. నాకూ తెలియదు. టెస్టింగ్‌లో ఇన్నేళ్ళుండి ఈ మాట ఒప్పుకోవడం నాకు చిన్నతనమే, అయినా ఒప్పుకుంటున్నాను.

దారి మాత్రం నాకు తెలుసు. ఆ సందు గీసిన రోజే షాహీన్ నవ్వుతూ చెప్పింది. "ఎవరన్న ఈ సందుల చిక్కుకుంటే, ఆ తలుపు కొట్టి నా పేరు చెప్పాలె అక్కా. మా అమ్మ తలుపు తీసి తొవ్వ చూపిస్తది."

కాఫీ షాపులో కూర్చున్నంతసేపూ ఆయన "ఆ పిల్ల" అనే అన్నారు. పేరు ఒక్కసారి కూడా అనలేదు. నేనూ అందించలేదు.