తూరా ఇంట్లో వణికిన లైటు

వీబెకె క్రోగ్‌ది డెన్మార్క్‌లో ఒక చిన్న దీవి. ఓల్బోర్ నగరంలో ఇంజనీరింగు చదివి తిరిగొచ్చి, దీవి కరెంటు సంస్థలోనే చేరింది. పడమటి తీరాన గాలిమరలు నిలబెట్టినప్పుడు, వాటి కరెంటును లైన్లకు అందించే ఇన్వర్టరు అదుపు ఆమెకే అప్పగించారు. ఆ యంత్రం వోల్టేజీని మెట్లు మెట్లుగా పేర్చి నున్నటి అలలా మలుస్తుంది. ఆ అల, లైన్లో అప్పటికే నడిచే అలతో లయ తప్పకుండా కలవాలి. లయ చెదిరితే ఎంత త్వరగా సర్దుకోవాలో అంకెల్లో నిర్ణయించింది వీబెకె. ఎంత చురుగ్గా ఉంటే అంత మంచిదనుకుంది.

ఆ చలికాలమే తూరా ఫోన్ చేసింది. లైను చిట్టచివరి ఇంట్లో ఒంటరిగా ఉంటూ లేసు అల్లే డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. వీబెకెను పసితనం నుంచీ ఎరుగును.

“గాలి గట్టిగా వీస్తే చాలు, నా లైటు వణుకుతోందే పిల్లా. దారం మీద చూపు నిలవడం లేదు.”

వీబెకె మీటరు పట్టుకుని వెళ్లింది. ఆ రోజు గాలి లేదు. అంకె కదల్లేదు.

“కరెంటు శుభ్రంగా ఉంది పెద్దమ్మా. ఒకసారి కళ్లు చూపించుకోరాదూ?”

“నా కళ్లకేం? నీ ముక్కు మీది మచ్చ ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది!”

అంటూనే వెళ్లి చూపించుకుంది. శుక్లం మొదలవుతోందన్నాడు డాక్టరు. ఆ వయసులో చాలామందికి ఉండేదే. కానీ లైటు వణకడం తన కళ్ల తప్పేనని తూరా నమ్మేసింది. మునిమనవరాలి బాప్తిస్మానికి అల్లుతున్న గౌను సగంలో ఆపి, లేసు సామానంతా బడికి ఇచ్చేసింది.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం వేరే పని మీద పాత రికార్డులు చూస్తూ వీబెకె ఆగిపోయింది. గాలి ఉధృతంగా ఉన్న ప్రతిరోజూ తూరా ఇంటికెళ్లే లైను చివర వోల్టేజీ సెకనుకు ఎనిమిదిసార్లు ఊగింది. లైను బలహీనమైనది. ఇన్వర్టరు పంపే కరెంటుకే దాని లయ చెదిరేది. అతి చురుకైన అదుపు దాన్ని దిద్దబోయి మరింత చెదరగొట్టేది. వీబెకె ఆ అదుపు అంకెలు తగ్గించింది. మధ్యాహ్నానికల్లా ఊపు ఆగింది. రిపోర్టులో ‘మామూలు సవరణ’ అని రాసి ఇంటికెళ్లింది.

తూరా దగ్గరికి వెళ్లకుండా నాలుగు రోజులు ఏదో ఒక సాకు చెప్పుకుంది. ఐదో రోజు వెళ్లి ఆమె తలుపు తట్టింది.

“తప్పు మీ కళ్లది కాదు పెద్దమ్మా. నాది.”

కాఫీ పోస్తున్న తూరా చెయ్యి ఆగింది. “అంటే, లైటు నిజంగానే వణికిందా?”

“వణికింది.”

“చెప్పాను కదే!”

“చెప్పారు. నేనే వినలేదు.”

తూరా కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపింది.

“ఆ చంటిదానికి కొట్లో కొన్న గౌను వేశారు. మా ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. నాకు కోపం రాలేదనుకోకు, వస్తోంది. కాఫీ తాగు, చల్లారిపోతుంది.”

“బడికెళ్లి మీ సామాను తెచ్చిస్తాను.”

“ఇప్పుడు వేళ్లు వంగట్లేదు. అది కూడా మీ యంత్రం పనేనంటావా?” తూరా నవ్వింది. వీబెకెకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే వీబెకె రిపోర్టులో ‘మామూలు సవరణ’ అన్న మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు తన పేరుతో రాసింది. ఆ లైను మీదున్న పదకొండు ఇళ్లకూ అదే చెబుతూ ఉత్తరాలు పంపింది.

వారం తర్వాత ఒక ఇంటి నుంచి జవాబు వచ్చింది. “మా ఇంట్లోనూ వణికేది. తూరాకే కళ్లు చూపించుకోమని చెప్పారని విని, మేం ఊరుకున్నాం.”