తప్పు నర్సమ్మది కాదు

నా పేరు అప్పలనరసమ్మ. వయసు డెబ్బై ఆరో, ఏడో. ఈ దీవిలో, డిగ్నాబాద్ అనే పేటలో కొడుకు, కోడలితో ఉంటాను. ఆసుపత్రిలో నర్సుగా చేసే మా పక్కింటి నర్సమ్మ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూలబడింది. మళ్ళీ లేవలేదు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే వీధి చివరి మాస్టారు రాస్తున్నాడు. ఆవిడ మంచిదని చెప్పడానికి ఊరంతా ఉంది. ఆవిడ పని ఎలా చెడిందో చెప్పాల్సింది నేనే.

ముప్పై ఏళ్ళు వార్డుల్లో చేసిన మనిషికి యాభై దాటాక ఒక నిధి వచ్చింది. అనుభవం ఉన్నవాళ్ళు సగం రోజులు డ్యూటీ మాని, ఒక గురువు దగ్గర పరిశోధన నేర్చుకోవడానికి ఇచ్చేదట. ఆ గురువు సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో పెద్ద డాక్టరు. ఈవిడకంటే చిన్నవాడు. నాకు నవ్వొచ్చింది.

"జుట్టు నెరిసినాక నీకు ట్యూషనేటే?" అన్నాను.

"పని సెయ్యడం వొచ్చు పెద్దమ్మా. అడగడం ఇప్పుడు నేర్సుకుంతన్నాను," అంది.

ఆవిడ అడిగేది, మా వీధి ఆడవాళ్ళకి బీపీ ఎందుకింత ఉందని. ఇంటికొస్తే కుర్చీ వేసినా కూర్చునేది కాదు. నేలమీద చతికిలబడి, ముడిలో దోపుకున్న పెన్ను తీసి, మన ముఖంలోకి చూసేది. పైనుంచి అడిగితే ఎవరూ నిజం చెప్పరనేది. కింద కూర్చుని అడిగినా నేను చెప్పలేదు.

ఎండుచేపల ఉప్పు ఒంట్లోకి ఎంత పోతోందో తేలాలంటే, ఒక పగలూ రాత్రీ పోసిన ఉచ్చ మొత్తం పట్టి ఇవ్వాలి. వీధిలో ఏడిళ్ళకి, ఇంటికి రెండేసి కొత్త క్యాన్లు ఇచ్చింది, ఒకటి నిండితే రెండోది. మూత బిగువుగా పట్టే తెల్లటి క్యాన్లు. మాకు కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. చెంబులు కూడా నింపి దాచుకునే ఇల్లు మాది. అంత మంచి క్యాన్‌ని అలాంటిదానికి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. రెండోదాంట్లో తాగునీళ్ళు పోశాను. మొదటిదాంట్లో పొద్దుటిది మాత్రం పట్టి, కుళాయి నీళ్ళతో నింపి ఇచ్చాను. అంతటితో ఊరుకోక, మిగతా ఆరిళ్ళకీ అదే నేర్పాను.

"రెండోదేదీ?" అని అడిగింది.

"పగిలిపోనాది," అన్నాను.

కొన్నాళ్ళకి ఆ గురువు నర్సమ్మతో కలిసి మా ఇంటికే వచ్చాడు. పెరట్లో ఎండుతున్న చేపలు చూసి, "ఇత్‌నీ సూఖీ మఛ్లీ, ఔర్ నమక్ ఇత్‌నా కమ్?" అన్నాడు. ఇంత ఎండుచేప తినే ఇళ్ళలో ఉప్పు అంత తక్కువెలా తేలిందని ఆయన అనుమానం. అప్పుడే మా కోడలు గ్లాసులూ క్యానూ తెచ్చి, అక్కడే మంచినీళ్ళు వంచింది. క్యాన్ మీద నర్సమ్మ అంటించిన నంబరు కాగితం ఇంకా ఊడలేదు. ఆవిడ దాన్ని చూసింది. నన్ను చూసింది. గ్లాసు తీసుకుని తాగింది.

"గల్తీ మేరీ హై సర్," అంది, తప్పు తనదేనని. "ఈళ్ళకి నేనే సరిగ్గా సెప్పనేదు."

కుళాయి దగ్గర నా నోటికి వీధంతా జడుస్తుంది. ఆ పూట అది తెరుచుకోలేదు.

ఆవిడ సేకరణ నమ్మదగింది కాదని కాగితాల్లో పడింది. నిధి ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ పూర్తి డ్యూటీకి పోయింది. అయినా రోజూ గోడ మీంచి, "మాత్ర ఏసుకున్నావా పెద్దమ్మా?" అని అడిగేది. ఒక్కసారి దెప్పి ఉంటే, నేనూ నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. దెప్పలేదు.

ఆవిడ పోయాక ఇదంతా ఆవిడతో పనిచేసిన సిస్టరుకి చెప్పాను. ఆమె నా ముందే ఆ గురువుకి ఫోన్ చేసింది. ఆయన, మళ్ళీ సరిగ్గా పట్టి ఇస్తారా అని అడిగాడు. ఇస్తే ఆవిడ పేరు మీదే పని పూర్తిచేసి, తప్పు ఆవిడది కాదని రాస్తానన్నాడు. ఈ కాగితం అందుకే.

ఇవాళ పొద్దున్న ఏడుగురం క్యాన్లతో బస్సెక్కాం. ఎవరం వాటి మీద కొంగు కప్పలేదు.

"డీజిల్ హై క్యా, అమ్మా? బస్ మే నహీ చలేగా," అన్నాడు కండక్టరు, బస్సులో డీజిల్ కుదరదని.

"పేశాబ్ హై," అన్నాను, ఉచ్చ అని బస్సంతా వినేలా. "సంభాల్ కే చలావో," జాగ్రత్తగా పోనిమ్మన్నాను.

ముందు సీటు ఖాళీ చేశారు. క్యాన్లు ఏడూ అందులో వరసగా కూర్చున్నాయి. మేం నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా వాటికి చేతులు అడ్డం పెట్టుకుంటూ ఆసుపత్రి దాకా వెళ్ళాం.

అప్పలనరసమ్మ ఎడమచేతి వేలిముద్ర.
చూసినవాళ్ళు: కోడలు పైడితల్లి, ఎదురింటి రమణమ్మ.