ఆయనకు రాని దగ్గు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఓడలో వచ్చేటప్పుడు, చచ్చినవాళ్ళు కనబడుతున్నారని తోటి ఆడవాళ్ళు ఏడుస్తుంటే నోర్మూసుకోండని కసిరినదాన్ని నేను. సముద్రం అవతలి దీవిలో, బా అనే ఊరి దగ్గర చెరకు తోటలో ఐదేళ్ళ గిర్మిట్, అంటే వేలిముద్ర వేసిన ఒప్పందపు కూలి, చేశాను. అక్కడ భయపడడానికి బతికున్న సర్దారు చాలడూ? ఇది ఎవరూ నమ్మకపోయినా నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేమున్నది కూలీ లైన్లలో. పొడుగాటి రేకుల షెడ్డు, వరసగా ఇరుకు గదులు. మధ్య చెక్క గోడ పైకప్పు దాకా ఉండదు. పక్కవాళ్ళు తుమ్మినా మనకు వినబడుతుంది. మా పక్క గదిలో అప్పన్న బావ ఉండేవాడు. ఆయనా, మా ఆయన సింహాచలమూ ఓడలో ఒకే పళ్ళెంలో తిన్నారు. ఓడ తోడు అంటే ఇక్కడ తోడబుట్టినవాడికంటే ఎక్కువ.

మూడో ఏడు అప్పన్న బావకు పక్షవాతం వచ్చింది. మూతి వంకర పోయింది. దాహం దాహమని ఏడ్చేవాడు. మన అలవాటు తెలుసు కదా, ఎంగిలి కాకుండా తల వెనక్కి వాల్చి, చెంబు పైకెత్తి ధారగా పోసుకోవడం. నేనే అలా పోశాను. పోసినప్పుడల్లా దగ్గి దగ్గి కళ్ళు తేలేసేవాడు. పొలమారిందిలే, ఊళ్ళో ఎవరో తలుచుకుంటున్నారని నడినెత్తిన తట్టి మళ్ళీ పోసేదాన్ని. పది రోజుల్లో జ్వరమొచ్చి, ఆయాసపడి పోయాడు. నీళ్ళు కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయాయని ఆసుపత్రి కాంపౌండరు తర్వాత చెప్పాడు. పాపిష్టి చేతులు నావి.

ఆరు నెలలు తిరక్కుండా మా ఆయన చెరకు కొడుతూ కొడుతూ కూలబడ్డాడు. అదే జబ్బు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి లైన్లకు పంపేశారు. మింగేటప్పుడు దగ్గితే వెంటనే ఆపెయ్యమని కాంపౌండరు మరీ మరీ చెప్పాడు. ఆయనకు దగ్గే రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లైన్లకు వచ్చాక మొదటి ఆదివారం మధ్యాహ్నం ఒక గుక్క నీళ్ళు పోశాను. ఆయన దగ్గలేదు. పక్క గదిలోంచి దగ్గు వినబడింది.

ఆ గది ఖాళీ. బయట తాళం. పెట్టె ఎక్కి గోడ మీదుగా తొంగిచూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఇంకో గుక్క పోశాను. మళ్ళీ దగ్గు. చివర్లో చిన్న మూలుగు. ఆ దగ్గు ఎవరిదో నాకు తెలియకపోవడమేమిటి? పది రోజులు చెవులారా విన్నాను. అప్పుడు మా ఆయన "చాలు" అన్నాడు. గొంతు గరగరలాడింది, నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టు.

నాలుగు రోజులు పరీక్ష చేశాను. పల్చని గంజి పోస్తే దగ్గు. తల వెనక్కి వాలిస్తే దగ్గు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం గుండెకు ఆనించి, కసావా దుంప పిండితో చిక్కగా కాచిన జావ అర చెంచా పెడితే నిశ్శబ్దం, గొంతు కూడా పొడిగా ఉండేది. కాంపౌండర్ని పిలుచుకొచ్చాను. అతనికి ఏ దగ్గూ వినబడలేదు. మా ఆయన గొంతు మీద వేళ్ళు పెట్టి మింగించాడు, మాట్లాడించాడు. "లోపల మొద్దుబారిపోయిందమ్మా. అడ్డదారిన పోయినా ఇతనికి తెలీదు, దగ్గూ రాదు. నువ్వెలా కనిపెట్టావు?" అన్నాడు.

నాలుగు నెలలు జావతోనే బతికించుకున్నాను. ఆయనకు చెంచా మూతికి తగిలితేనే సిగ్గు. "ఒక్క గుక్కెడు నీళ్ళు ఎత్తి పొయ్యే. మగోడిలాగ తాగి సస్తాను" అనేవాడు. నోరు పడిపోను, అవేం మాటలని తిట్టి, బయటికెళ్ళి ఏడ్చేదాన్ని.

అంతలో కొత్త ఓడ వచ్చింది. పక్క గది ఒక జంటకు ఇచ్చారు. ఇవ్వొద్దని సర్దారు కాళ్ళు పట్టుకున్నాను. "నీ కోసం తోట మీద పెత్తనం చేసే కుల్లంబరు దొర ఇంకో లైను కట్టిస్తాడా? జా, జా" అని నవ్వాడు.

వాళ్ళు దిగిన మర్నాడు ఆదివారం. జావ పెట్టాను. ఏ చప్పుడూ లేదు. ఆయన బతిమాలితే చెంచాడు నీళ్ళు పట్టాను. దగ్గు లేదు. ఇంకో చెంచా. లేదు. గొంతు బాగుపడిందనుకున్నాను. ఎంత సంతోషమో! తల వాల్చమని, చెంబు ఎత్తి ధారగా పోశాను. ఆయన కళ్ళు మూసుకుని తాగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చెంబు ఖాళీ అయింది. ఇంకో చెంబు ముంచుకొచ్చాను.

మూడో రోజు జ్వరం. ఆరో రోజు పోయాడు.

పదో రోజు దాటాక పక్క గది నర్సమ్మ వచ్చి కూర్చుంది. కాసేపు ఏడ్చింది. తర్వాత అంది, "అక్కా, ఆ ఆదివారం మీ గదిలో మీ మనిషి అంత దగ్గు దగ్గతా ఉంటే నీళ్ళు ఆపలేదేంది నువ్వు? గోడ కొట్టి చెబుతానన్నాడు మా ఆయన. కొత్తోళ్ళం, మనకెందుకని నేనే ఆపినాను."

నా గదిలో. నేను ఆయన పక్కనే ఉన్నాను, చెయ్యి ఆయన మెడ కింద ఉంది. ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. ఒట్టేసి చెబుతాను.

గిర్మిట్ అయిపోయింది. ఇప్పుడు తవువా అనే ఊళ్ళో ఉంటున్నాను. నర్సమ్మ అబద్ధమాడే మనిషి కాదు, ఆడాల్సిన పనీ లేదు. దగ్గింది ఎవరో, గోడ అవతలి మనిషికి వినబడింది నాకెందుకు వినబడలేదో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. రెండో చెంబు దించాక ఆయన గరగరమంటూ "ఇంకా పొయ్యే" అన్నది మాత్రం నాకు బాగా వినబడింది. పోశాను.