గోటి మడత

మా మేనత్త పొట్లం కడితే దారం అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. కృష్ణగిరిలో వాళ్లది పూజాసామాన్ల అంగడి. ఒకసారి కుంకుమ పొట్లం బస్సులో ఊడిపోయి, తెల్లచొక్కా ఎర్రగా అయిన మనిషొకడు అంగడి ముందుకొచ్చి నానా మాటలూ అన్నాడు. ఆ అవమానం అత్తకు నిద్ర పట్టనివ్వలేదు. వారం పాటు పాత క్యాలెండరు కాగితాలు ముందేసుకుని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. చివరికి ఎంత ఊపినా రాలని పొట్లం ఒకటి చేసింది. బడి సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను.

హోసూరులో ఉద్యోగంలో చేరాక ఓరిగామి పిచ్చోళ్ల గుంపులో పడ్డాను. ఆదివారం పొద్దున ఒక బడి గదిలో చేరి కాగితాలు మడుస్తాం. కత్తెర ముట్టుకోం. మా గుంపులో ఒకటే గట్టి కట్టుబాటు: ఎలా మడవాలో చూపించే బొమ్మల కింద ఆ మడత కనిపెట్టినవాళ్ల పేరు రాయాలి. కొంగ, పడవ లాంటి పాతకాలం మడతలైతే ‘సంప్రదాయం’ అని రాస్తాం.

ఒక ఆదివారం అత్త పొట్లాన్ని ఎనిమిది బొమ్మల్లో గీసుకుని పోయాను. పేరు రాయాల్సిన చోట ఒక్క క్షణం ఆగిన మాట నిజం. అంగట్లో కుంకుమ కట్టే పొట్లానికి పేరేమిటిలే అనుకున్నాను. అలా అనుకున్నప్పుడు ఆ చోటు ఖాళీగా వదలొచ్చు కదా? సిగ్గు లేకుండా నా పేరు రాశాను. అబ్బో, ఏం చప్పట్లు! నాకు తియ్యగానే ఉన్నాయి, అబద్ధం ఎందుకు?

కొన్నాళ్లకు అత్త కళ్లు చూపించుకోవడానికి హోసూరు వచ్చి మా ఇంట్లో దిగింది. ఆదివారం నేను బయల్దేరుతుంటే తనూ చెప్పులేసుకుంది.

“పేపరు మడిచేదానికి కూడా సంఘమా? తిన్నది అరక్కనా పాపా మీకు? పద, నేనూ చూస్తా.”

ఎండ అన్నాను, మెట్లు అన్నాను. వినలేదు. ఆటోలో అయినా చెప్పేయాల్సింది.

నా ఖర్మకు ఆ రోజు అందరూ ఆ పొట్లమే మడుస్తున్నారు. గుంపులో పెద్దాయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు, చెమటలు కక్కుతున్నాడు. “ఎన్నిసార్లు దూర్చినా ఈ మూల ఊడొస్తా ఉందమ్మా” అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపే అత్త ఆ కాగితం అందుకుంది. “ఈడ గోటితో చిన్న మడత పెట్టాలప్పా. అప్పుడే మూల పట్టుకుంటుంది.” పెట్టింది, దూర్చింది, తలకిందులు చేసి ఊపింది. కదల్లేదు. ఆ గోటి మడత నా చెయ్యి దానంతటదే చేసేస్తుంది. అందుకే గీయాలని నాకు తోచనే లేదు.

“భలే అమ్మా! మీ పాప కనిపెట్టిన మడత కదా, ఈ గుట్టు మీకెట్ల తెలుసు?” అంటూ మాస్టారు బొమ్మల కాగితం చూపించాడు.

అత్త దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుంది. కింద నా పేరు మీద వేలు పెట్టి చదివింది. తరువాత నన్ను చూసింది. నేను బల్ల మీది కాగితాలు సర్దసాగాను.

“పాపే నేర్పించిందప్పా” అంది అత్త. “నాకేం తెలుసు, అంగట్లో కూర్చునేదాన్ని.”

ఇంటికి వస్తుంటే ఆటోలో “అత్తా, అదీ...” అని మొదలుపెట్టాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

“ఆ గోటి మడత కూడా బొమ్మ గీసి పెట్టు పాపా. కుంకుమ రాలితే వాళ్లు నిన్ను కదా తిట్టేది.”

మర్నాడే తొమ్మిదో బొమ్మ గీశాను. ఏడాది దాటింది. కింద ఇంకా నా పేరే ఉంది.