మంట దగ్గర కాచిన బంతి

మా పెద్దబాపు పోయాడు. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని పెద్దమ్మ లేపబోతే లేవలేదట. ప్రాక్టీసు మధ్యలో ఫోన్ వస్తే నేను బూట్లు కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చాను. ఉప్పుగూడలో మా గల్లీ మొదట్లో ఒక చాయ్ దుకాణం ఉంది. అక్కడ నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన "ఎవరు పోయిన్రు?" అని అడుగుతున్నాడు. "గా బంతులల్ల మోసం చేసినాయన లేడా, వీడియోల ఒచ్చిండు సూడు, ఆయన," అన్నాడు రెండో ఆయన. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. గుర్తు చెప్పాడంతే. అన్నేళ్లు మా మధ్య బతికిన మనిషికి మా గల్లీలో మిగిలిన గుర్తు అదొక్కటే.

ఆ గుర్తు తుడిచేయడానికే ఇది రాస్తున్నాను. ఆయన ఉండగా రాయలేకపోయాను, నోరు విప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు కూడా నాతో ఆడే పిల్లలందరినీ అడిగాకే కూర్చున్నాను. "రాయన్నా, అయ్యేదేందో అయితది," అన్నారు వాళ్లు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అది, ప్రాణం మాత్రం డప్పు. బోనాలకు, పెళ్లిళ్లకు, చావులకు ఆయన డప్పు ఉండాల్సిందే. చూసినవాళ్లకు తెలుసు, డప్పు చల్లబడితే తోలు వదులై బొదబొదమంటుంది. అందుకే కొట్టేముందు గడ్డో కాగితాలో మంట వేసి దాన్ని కాస్తారు. తోలు బిగుసుకుని ఖంగుమంటుంది. డప్పు పట్టిన ప్రతివాడూ చేసే పనే ఇది. మా పెద్దబాపు దగ్గర అది డప్పుతో ఆగలేదు. చలికాలం వస్తే నా బూట్లు కాచేవాడు, దువ్వెన కాచేవాడు, ఒకసారి టీవీ రిమోట్ పనిచేయకపోతే దాన్నీ కాచాడు. "ముందుగాల కాచు, తర్వాత పనిల దిగు," అనేవాడు దేనికైనా. పెద్దమ్మ నవ్వేది. "జెర దూరం కూసో బిడ్డా, ఎప్పుడో నిన్ను గూడ కాస్తడు," అనేది నాతో.

మన ఊళ్లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు నేను డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. ఆ ఆట మీలో చాలామంది చూసి ఉండరు. కోడిగుడ్డులా కోలగా ఉండే తోలు బంతి, తలకు హెల్మెట్, భుజాలకు దిండ్లలాంటి తొడుగులు. బంతిని చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని ఉరుకుతారు, అడ్డొచ్చినవాణ్ని కుమ్మి పడేస్తారు. మా బస్తీలో దాన్ని గుడ్డుబంతి అనేవాళ్లు. ఆడినందుకు నెలనెలా జీతం ఇస్తారంటే మొదట ఎవరూ నమ్మలేదు. మా జట్టులో సగానికి పైగా ఉప్పుగూడ చుట్టుపక్కల పిల్లలే. విసిరిన బంతిని అందుకోవడం నా పని. సామాన్లు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలంటే పెద్దబాపును తీసుకెళ్లాను. ఆయనకు ఆ ఆట చివరిదాకా అర్థం కాలేదు. "గిదేం ఫుట్‌బాల్ రా, బంతికి కాలే పెడ్తలేరు," అనేవాడు. కానీ బంతులను మాత్రం పసిపిల్లల్లా చూసుకునేవాడు, తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో తుడిచి.

ఈ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు సొంత బంతితో ఆడుతుంది. అందుకని మ్యాచ్‌కు ముందు రిఫరీ రెండు జట్ల బంతులకూ గాలి కొలిచి చూస్తాడు. గాలి తక్కువుంటే బంతి మెత్తబడి చేతికి బాగా చిక్కుతుంది. కావాలని గాలి తగ్గించడం మోసం.

దబీర్‌పురా జట్టుతో మ్యాచ్ డిసెంబరులో, పొద్దున్నే పెట్టారు. మంచు కురుస్తోంది. పెద్దబాపు గోడవారగా మంట వేసి, మా బంతులన్నీ చుట్టూ పేర్చి అటూ ఇటూ తిప్పుతూ కాచాడు. చాటుగా చేయలేదు. రిఫరీలు కూడా వచ్చి అదే మంట దగ్గర చేతులు కాచుకున్నారు. వేడివేడి బంతులకు గాలి కొలిస్తే సరిపోయింది. ఆట మొదలయ్యాక అవి ఆ చలిలో చల్లారాయి. చల్లారితే లోపలి గాలి కుంచించుకుపోతుందని మాలో ఎవరికీ తట్టలేదు. స్కూల్లో చదువుకున్నదే, అయినా తట్టలేదు.

ఆట సగం దాటాక నాకు రావలసిన బంతిని దబీర్‌పురా కెప్టెన్ మధ్యలో అందుకున్నాడు. బొటనవేలితో ఒకసారి నొక్కాడు. ముఖం మారింది. నేరుగా మా పెద్దబాపు దగ్గరకు వచ్చాడు.

"చాచా, ఈ గేంద్ నరమ్ ఉంది. మీరే నొక్కి సూడుండ్రి."

పెద్దబాపు నొక్కి చూశాడు. "అవ్ బిడ్డా, మెత్తగనే ఉంది," అన్నాడు.

ఆ మాట అనకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. మేం గెలిచాం. సాయంత్రానికి ఫోన్లన్నిటిలో మా జట్టు మోసం చేసిందని లొల్లి. రెండు రోజుల్లో అది పెరిగి, లీగంతా ముందే మాట్లాడుకుని ఆడుతున్నారనేదాకా పోయింది.

విచారణకు పిలిచారు. గదిలో లీగ్ ఆఫీసర్, ఆయన పక్కన ఇద్దరు, ఎదురుగా పెద్దబాపు, వెనకాల నేను. బంతులతో ఏం చేశావని అడిగారు.

"కాచిన సార్," అన్నాడు పెద్దబాపు. "తప్పు నాదే. నడుమల మల్లొకసారి కాయాల్సి ఉండె. మర్సిన."

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆయన దృష్టిలో జరిగిన తప్పు అదే, రెండోసారి కాయకపోవడం. వాళ్లకు మాత్రం నేరం ఒప్పుకున్నట్టే వినపడింది. నేను లేచి, ఇప్పుడే మంట వేయండి, బంతి కాచి కొలవండి, చల్లారాక మళ్లీ కొలవండి, మీకే తెలుస్తుంది అన్నాను. ఆఫీసర్ చెడ్డవాడేం కాదు. అలసిపోయి ఉన్నాడు.

"బాబూ, నువ్వన్నట్టే తేలిందనుకో," అన్నాడు. "అప్పుడు మేం ఇన్నాళ్లు కొలిచిన కొలతలన్నీ అనుమానమే. ఏ మ్యాచ్‌ను నమ్మమని జనానికి చెప్పాలె? లీగే ఉండదు."

మాకు రెండు దారులు చూపించాడు. మా జట్టును మొత్తంగా తీసేయడం ఒకటి. లేదంటే ఎవరో ఒకరు కెమెరా ముందు, నేనే తెలిసి చేశాను, జట్టుకు సంబంధం లేదు అని చెప్పడం. ఎవరో ఒకరంటే ఎవరో అందరికీ తెలుసు.

వరండాలో మా జట్టు పిల్లలు నేల చూస్తూ నిలబడ్డారు. చెప్పమని ఎవరూ అనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు. నేనొక్కణ్నే వద్దన్నాను. పెద్దబాపు నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"నువ్వు గిది ఎన్నడు బయట పెట్టొద్దు. పెడితే పోరగాళ్ల నౌకర్లు పోతయ్. ఒట్టెయ్."

"మరి నీ పేరు?"

"నన్ను ఎర్కున్నోళ్లకు నేనేందో ఎర్కనే. ఎర్క లేనోళ్లతోని నాకేం పని?"

ఆ లెక్క తప్పింది. ఎరిగినవాళ్లే ముందు నమ్మారు.

వీడియో తీయడానికి చాలాసేపు పట్టింది. తెలిసే చేశానని అన్న ప్రతిసారీ ఆయన "నడుమల కాయాల్సి ఉండె" అని కలిపేవాడు. మళ్లీ తీసేవాళ్లు. చివరికి ఆ ముక్క కోసేశారు. తర్వాతి మ్యాచ్ ముందు మైదానంలో పెద్ద తెర మీద వేశారు. తల దించుకుని, "నేనే తెలిసి చేసిన," అంటున్న మా పెద్దబాపు. మన లీగ్‌లో మోసానికి చోటు లేదని మైకులో చెబితే జనం చప్పట్లు కొట్టారు. నేను మైదానం మధ్యలో నిలబడి ఉన్నాను. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

మా గల్లీకి ఒకటే మూతి. రెండో చివర రైల్వే గోడ. బయటికి రావాలంటే చాయ్ దుకాణం దాటాలి, అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరి ఫోన్లో ఆ గొంతు. పెద్దబాపు తలుపు దగ్గర నిలబడి, దుకాణం దగ్గర మంది తగ్గేదాకా చూసేవాడు. మంది తగ్గేది కాదు. మెల్లగా చూడటం కూడా మానేశాడు. బోనాలకు పిలవడానికి వస్తే కాళ్లు నొస్తున్నాయని పంపేశాడు. తర్వాత నాతో అన్నాడు, "నేను మంటేస్తె జనం నవ్వుతర్రా." డప్పు మేకుకు వేలాడి వదులైపోయింది. మళ్లీ చలికాలం వచ్చినా మా ఇంట్లో ఎవరూ ఏదీ కాయలేదు. పెద్దమ్మ చలికి వణుకుతూ కూడా మంట మాట ఎత్తలేదు.

నేను ఆడుతూనే ఉన్నాను. మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతారు, చెప్పకూడదు. ఆడితే ఆ జెర్సీ వేసుకోవాలి. ఎటూ కదలలేని ఆ రోజుల్లో నాకు కోపం ఎవరి మీదో కూడా తెలిసేది కాదు. ఒక రోజు దబీర్‌పురా కెప్టెన్‌ను తిట్టబోతే పెద్దబాపే ఆపాడు.

"పిలగాని తప్పేముంది? మెత్తగున్న బంతిని మెత్తగుందన్నడు. సూసెటోళ్లకు ఆట మీద నమ్మకం ఉండాలె గద."

"ఆ నమ్మకానికి నువ్వే దొరికినవా?" అన్నాను.

నవ్వాడు. కాసేపు గోడ అవతల రైలు పోతున్న చప్పుడు విన్నాడు. "పట్టాలెంబడి కోసులు కోసులు నడిచినోణ్ని," అన్నాడు. "ఇప్పుడు గీ గల్లీ దాటలేకపోతున్న." ఆయన నోట బాధ మాట నేను విన్నది అదొక్కసారే. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం తప్పకుండా అడిగేవాడు, "బంతులు మంచిగున్నయా?" అని. ఉన్నయ్ అనేవాణ్ని.

చివరికి నలుగురి భుజాల మీద ఆ గల్లీ దాటాడు. ఆయనకు కొడుకులు లేరు, నిప్పుకుండ నేనే పట్టాను. చాయ్ దుకాణం దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. ముందు డప్పులవాళ్లు, అందరూ పడుచువాళ్లు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. మెయిన్ రోడ్డు ఎక్కాక వెనక్కి చూస్తే జనం చివర దబీర్‌పురా కెప్టెన్ కనిపించాడు. ఎవరూ పిలవలేదు. తలకు రుమాలు కట్టుకుని వచ్చాడు.

రైల్వే గేటు దగ్గరకు వచ్చేసరికి గేటు పడింది. పాడె దించారు. రైలు ఎంతకీ రాదు. చలిగాలికి డప్పులు వదులయ్యాయి. ఒక పిల్లవాడు రోడ్డు పక్క కాగితాలు, అట్టలు పోగు చేసి మంట వేశాడు. కెప్టెన్ మెల్లగా అక్కడికి వచ్చాడు.

"ఇది ఎందుకు కాస్తున్రు భాయ్?" అని అడిగాడు.

అతనెవరో ఆ పిల్లవాడికి తెలియదు. "సల్లబడితే మెత్తబడ్తది అన్నా. కాస్తే గట్టిగైతది. నడుమల మల్ల సల్లబడితే మల్ల కాయాలె," అని, పాడె వైపు చూపించాడు. "మాకు గాయనే నేర్పిండు."

కెప్టెన్ ఒక డప్పు తీసుకుని బొటనవేలితో నొక్కాడు, ఆ రోజు బంతిని నొక్కినట్టే. మంట మీద తిప్పి మళ్లీ నొక్కాడు. నా వైపు చూశాడు.

"చాచా ఆ రోజు ఇదే చేసిండా?"

"ఇదే చేసిండు," అన్నాను. ఆయన మీద వేసిన ఒట్టు అక్కడ తెగింది. చేతిలో నిప్పుకుండ ఉంది, కళ్లు తుడుచుకోలేకపోయాను.

అతను మంట ముందు గొంతుక్కూర్చున్నాడు. రైలు పోయింది, గేటు లేచింది, వెనకాల ఆటోలు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. మావాళ్లు పాడె భుజాలకెత్తుకుని, నడవండి నడవండి అన్నారు.

"జెర ఆగుండ్రి," అన్నాడు కెప్టెన్ తల ఎత్తకుండా. "ఇంకా కాగలేదు."

అందరం ఆగాం. తెరిచిన గేటు ముందు, భుజాల మీద మా పెద్దబాపుతో. అతను డప్పును మంట మీద తిప్పుతూ, బొటనవేలితో నొక్కి చూస్తూ, మళ్లీ తిప్పుతూ ఉన్నాడు.